గుణింతం వచ్చినవారికి జర్మన్ కష్టం కాదు

 

ఇంగ్లీషులో 'పుట్', 'బట్' రెండింటిలోనూ ఉన్నది 'యూ' అక్షరమే. పలుకు మాత్రం వేరు. జర్మన్‌లో చాలావరకు అక్షరానికి నియమం ఉంటుంది. డబ్ల్యూ అంటే 'వ', వీ ఎక్కువగా 'ఫ', జెడ్ 'త్స', అచ్చు ముందు ఎస్ 'జ'. అందుకే మన వోక్స్‌వ్యాగన్ వాళ్ల నోట 'ఫోల్క్స్‌వాగెన్', సీమెన్స్ 'జీమెన్స్'. ఈ, ఐ కలిస్తే 'ఐ'. ఐ, ఈ కలిస్తే 'ఈ'.

పటాన్‌చెరు, సంగారెడ్డి పిల్లల్లో జర్మనీలో చదువుకోవాలనుకునేవారికి, తెలుగు మీడియమని జంకేవారికి నా మాట ఒక్కటే: ఇంగ్లీషు పలుకు పక్కన పెట్టండి. జర్మన్ అక్షరాలను గుణింతంలా వల్లె వేయండి. చూసిన పదాన్ని ధైర్యంగా చదవగలరు. అర్థం నిఘంటువు చెబుతుంది. అక్షరాన్ని నమ్మి చదవడం ఈ బడి మనకు ఎప్పుడో నేర్పింది.