‘ప్రొటెస్టు’ అను మాట

ఆంగ్లమున అసమ్మతిని దెల్పు మాటలు పెక్కు గలవు. వానిలో ‘ఆబ్జెక్షను’ అనునది మన ‘ఆక్షేపణ’కు కవలపిల్ల వంటిది. లాటినులో దాని ధాతువునకు విసరుట యని యర్థము. సంస్కృతమున క్షిప్ ధాతువునకును అదియే యర్థము. మన ‘నిరసన’ యందలి ధాతువు సైతము విసరుటనే చెప్పును. ఎదుటివాని మాటపై నేదో యొకటి విసరుటయే యాక్షేపణ మని యుభయులకును దోచినది కాబోలు!

‘ప్రొటెస్టు’ అట్టిది కాదు. ఇందు విసరుట లేదు. మూలమున కాదనుటయు లేదు. ‘ప్రో’ యనగా ముందునకు, బహిరంగముగా. ‘టెస్టారీ’ యనగా సాక్ష్య మిచ్చుట. సాక్షికి లాటినులో ‘టెస్టిస్’ అని పేరు. వివాదపడు నిరువురి చెంత నిలుచు మూడవవాడని దానికి శబ్దశాస్త్రజ్ఞులు వ్యుత్పత్తి చెప్పుదురు. మనవారు సాక్షి యనుటలో కంటితో చూచుటకు ప్రాధాన్య మిచ్చిరి. రోమకులు చెంత నిలుచుటకు నిచ్చిరి.

అందుచేతనే పూర్వపు టాంగ్లమున ‘ప్రొటెస్టు’ చేయుట యనగా నొక్కి పలుకుట, ఒట్టు పెట్టుకొనుట. షేక్స్పియరు ‘హామ్లెట్’లో రాణి తాను చూచుచున్న నాటకమందలి స్త్రీని గూర్చి యీ మాట వాడును. ఆ స్త్రీ దేనిని ఆక్షేపించుట లేదు. భర్త గతించినచో మరల పెండ్లాడనని శపథము చేయుచున్నది. నేడు పలువురు ఆ వాక్యమును వేరర్థమున వాడుచున్నారు.

మరి అసమ్మతి యను నర్థ మెట్లు కుదురుకొనెను? 1526లో జర్మనీలోని స్పైయర్ పట్టణమున జరిగిన సామ్రాజ్యసభ, మతవిషయమున ప్రతి ప్రభువును దేవునికిని చక్రవర్తికిని తాను జవాబు చెప్పుకొనగల తీరున నడచుకొనవచ్చునని యేకగ్రీవముగా తీర్మానించెను. 1529లో అచ్చటనే కూడిన సభలో అధికసంఖ్యాకులు దానిని రద్దు గావించిరి. అంతట లూథరు పక్షపు ప్రభువులు కొందరును, 14 నగరముల ప్రతినిధులును ఒక పత్రము వ్రాసి యిచ్చిరి. ఏకగ్రీవముగా నిర్ణయించినదానిని అధికసంఖ్య కొట్టివేయజాల దనియు, ఆత్మవిషయమున ఎవరికి వారే దేవుని యెదుట జవాబుదారు లనియు అందలి వాదము. సభలో వారోడిరి; తీర్మానము మారలేదు. ఐనను తమ మౌనమును సమ్మతిగా నెవ్వరు నెంచకుండ వారు నిలిపిన సాక్ష్యమే పిమ్మట వారి మతమునకు పేరయ్యెను.

ఇంగ్లండులో 1621 డిసెంబరున కామన్సు సభవారు తమ హక్కులను గూర్చి యిట్టి పత్రమునే సభాపుస్తకమున వ్రాయించిరి. మొదటి జేమ్సు రాజు ఆ పుస్తకము దెప్పించి, ఆ పుటను స్వహస్తముతో చింపివైచెను. కేవలము నోటిమాట యైనచో నంత కోప మేల? అది పుస్తకమున నిలిచి యుండుటయే యాతనికి గిట్టలేదు.

వర్తకులయందు పాత యర్థ మింకను సజీవముగ నున్నది. బిల్లు సొమ్ము చెల్లింప నిరాకరించినపుడు నోటరీ ఆ సంగతిని ధ్రువపరచి యిచ్చు పత్రమును మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము ‘ప్రొటెస్టు’ అనియే పేర్కొనును. అందు కేకలును లేవు, కోపమును లేదు.

మనము దీనిని ‘నిరసన’ యని తెనిగించుచున్నాము. వాడుక స్థిరపడినది, మార్ప నెవరి తరము? కాని స్పైయర్ పత్రమును ‘నిరసన పత్ర’ మన్నచో, అది వ్రాసినవారు దేనిని త్రోసివేసిరో తెలియునే గాని, దేనికి సాక్షులై నిలిచిరో తెలియదు. నేనైనచో ‘అసమ్మతి సాక్ష్యపత్ర’ మని వ్రాయుదును. మాట కొంత పొడవైనదే.