నవ్వుతూ చెప్పిన మామూలు బతుకు
(పఠన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే వేదిక మీద ఒక హాస్య రచయిత్రి స్వీయకథకు చోటెందుకని అడిగేవారుంటారు. సమంజసమైన ప్రశ్నే. మన చేతిలో తీరని సమస్యలు అనేకం. వక్ఫ్ భూములున్నాయి, రిజర్వేషన్ల వ్యాజ్యాలున్నాయి, పిల్లల చదువులున్నాయి. వీటి నడుమ నవ్వుకు తీరిక ఎక్కడిదనిపిస్తుంది. అయినా ఈ విడత మేము కూర్చుని చదివినది జర్ఖా నవాజ్ రాసిన 'లాఫింగ్ ఆల్ ది వే టు ది మాస్క్' అనే గ్రంథం. మసీదు దాకా నవ్వుకుంటూ అని దాని భావం. 2014లో కెనడాలో వెలువడింది. మేము ఆంగ్లంలోనే చదివాము. చదివిన తరువాత మాలో మేము వాదించుకున్నాము కూడా. ఆ చదువునూ ఆ వాదాన్నీ మీ ముందు ఉంచుతున్నాము.

జర్ఖా నవాజ్ పాకిస్తానీ తల్లిదండ్రులకు ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జన్మించారు. టొరంటో పరిసరాలలో పెరిగారు. ఎందరో తల్లిదండ్రుల మాదిరిగానే ఆమె ఇంటివారూ బిడ్డ డాక్టరు కావాలని ఆశించారు. వైద్య కళాశాలలో సీటు రాలేదు. పాత్రికేయ విద్య చదివి, రేడియోలో పనిచేసి, అక్కడి నుంచి లఘుచిత్రాలకు, టెలివిజన్‌కు వచ్చారు. ఆమె సృష్టించిన 'లిటిల్ మాస్క్ ఆన్ ది ప్రెయిరీ' అనే హాస్య ధారావాహిక 2007 జనవరిలో కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీలో మొదలై 2012 దాకా ఆరు సీజన్లు నడిచింది. ఒక చిన్న ఊరిలో గుప్పెడు ముస్లిం కుటుంబాలు చర్చి హాలును అద్దెకు తీసుకుని మసీదు నడుపుకోవడమే అందులోని కథ. ఇమాములూ హిజాబు ధరించిన స్త్రీలూ పొరుగువారిలా కనిపించే కార్యక్రమం ఉత్తర అమెరికా తెర మీద అంతకు ముందు దాదాపు లేదనే చెప్పాలి.

ఇక గ్రంథంలోని విషయాలకు వద్దాము. ఇందులో మహా సంఘటనలు లేవు. బడికి తల్లి కట్టి పంపిన కోడికూర సద్దిని చూసి తోటి పిల్లల ముందు సిగ్గుపడి, అందరిలా రొట్టెకు వేరుశనగ వెన్న పూసుకుని తినాలని ఆరాటపడిన బాలిక ఉంది. చేప బర్గరు అడిగినంత వరకు మెక్‌డొనాల్డ్స్‌లో తినవచ్చునని ధర్మశాస్త్రం పలికినట్టే తీర్పు చెప్పే తండ్రి ఉన్నాడు. ఈద్ ముందు రోజు హలాల్ కోడి కోసం పెద్ద దుకాణంలోని మాంసం విభాగపు అధికారిని బతిమాలుకునే గృహిణి ఉంది. కాబా చిత్రం గల మెరుపు దీపాల పటం కోసం గోడ మీద కంటి ఎత్తున ప్లగ్గు పెట్టమని ఎలక్ట్రీషియన్‌ను ఒప్పించే కోడలు ఉంది. ఆ పటం మామగారిది.

మరుగుదొడ్డికి చేయి చాపినంత దూరంలో కుళాయి ఎందుకుండాలో ప్లంబరుకు నచ్చజెప్పే ఘట్టం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. కెనడాలో అది వింత. ఆ వింత మీదనే హాస్యం నిలిచింది. మన ఊళ్లలోనో? ఇక్కడ హిందువూ ముస్లిమూ క్రైస్తవుడూ అందరూ నీళ్లే వాడతారు. బద్నా అన్నా చెంబు అన్నా పని ఒక్కటే. అక్కడ ముస్లిముల విచిత్రమైన అలవాటుగా కనబడేది ఇక్కడ ఊరుమ్మడి అలవాటు. హలాల్ సంగతీ అంతే. తెలుగు పల్లెల్లో ఇతరుల ఇళ్ల విందులకు సైతం ముల్లాను పిలిచి మేకను కోయించుకోవడం మన పెద్దలందరూ ఎరిగినదే. దాన్ని ఎవరూ వివాదంగా చూడలేదు. అట్లాంటి హలాల్ మాంసాన్ని బహిష్కరించమని 2022 ఉగాది ముందు పక్కనున్న కర్ణాటకలో ప్రచారం సాగింది. కాబట్టి వింత అనేది వస్తువులో లేదు, అలవాటులోనూ లేదు. ఎవరు ఎవరిని చూసి వింత అంటున్నారన్న దానిలో ఉంది. ఈ సంగతిని జర్ఖా నవాజ్ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పరు. ప్లంబరుతో మాట్లాడి ఊరుకుంటారు.

మన గురించి రాసినవి ఏమేమి ఉన్నాయో ఒకసారి తలచుకోండి. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2016లో తెలంగాణలో సుధీర్ కమిషన్ నివేదిక సమర్పించింది. అవి లేకుంటే మన వాదానికి ఆధారమే లేదు. వాటిని చులకన చేసే ఉద్దేశం మాకు ఏ కోశానా లేదు. కాని ఆ పుటలలో మనం శాతాలుగా ఉంటాము. వార్తలలో నిందితులుగానో బాధితులుగానో ఉంటాము. సినిమాలలో అయితే అత్తరు పూసుకుని ప్రాణాలిచ్చే స్నేహితుడిగానో, బాంబు పట్టుకున్నవాడిగానో ఉంటాము. నెలాఖరున గ్యాసు బండ ఖాళీ అయినందుకు భార్యాభర్తలు గొడవపడే ముస్లిం ఇల్లు ఎక్కడ ఉంది? అద్దె ఇంటి కోసం వెళ్తే గదులన్నీ చూపించి, చివర పేరు అడిగి, మా బంధువులు వస్తున్నారని అప్పటికప్పుడు గుర్తు చేసుకునే ఇంటివారి మాటను ఈ సభలో వినని కుటుంబం తక్కువ. ఆ మాటను మనం ఫిర్యాదుగా చెప్పగలం. తెలివిగల హాస్యకారుడి చేతిలో పడితే, రాని ఆ బంధువుల మీద ఒక కథ పుడుతుంది. ఫిర్యాదు చదివినవాడు జాలిపడతాడు. కథ చదివినవాడు మరుసటి సారి ఆ అబద్ధం ఆడబోయి తడబడతాడు.

జర్ఖా నవాజ్ తొలి లఘుచిత్రాలలో ఒకటి 'బార్బెక్యూ ముస్లిమ్స్'. 1996లో టొరంటో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యి పేలితే ఇద్దరు అన్నదమ్ములు ఉగ్రవాదులుగా అనుమానింపబడతారు. దీనికి ప్రేరణ 1995 ఏప్రిల్‌లో అమెరికాలోని ఓక్లహామా నగరంలో జరిగిన పేలుడు. అందులో 168 మంది మరణించారు. తొలి అనుమానం మధ్యప్రాచ్యం వారి మీదకు మళ్లింది. నేరస్థుడు మాత్రం అమెరికా సైన్యంలో పనిచేసిన తెల్లజాతి యువకుడు. ఈ భాగం చదువుతున్నప్పుడు మా బృందంలో ఎవరికీ నవ్వు రాలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు మన హైదరాబాదులోనే ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. తరువాత వారు న్యాయస్థానాలలో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం నష్టపరిహారం కూడా ప్రకటించవలసి వచ్చింది. ఆ యువకులలో ఒకరు ఆ రోజుల గురించి హాస్యంగా రాయగలిగే కాలం ఇంకా రాలేదు. రావాలని తొందరపెట్టే అర్హత మనకూ లేదు. హాస్యానికి కొంత భద్రత కావాలి. పొయ్యి పేలిన సినిమా తీసిన మనిషి రాత్రి తన ఇంట్లో నిశ్చింతగా నిద్రించగలగాలి.

గ్రంథంలో మా వాదానికి కారణమైనది మసీదులో స్త్రీల స్థానం గురించిన భాగం. తాను పెరుగుతున్నప్పుడు లేని తెరలు, గోడలు తరువాతి కాలంలో మసీదులలో వెలిశాయని జర్ఖా నవాజ్ వేదన. ఆమె 2005లో దీని మీద 'మి అండ్ ది మాస్క్' అనే డాక్యుమెంటరీ తీశారు. ఇంటి గుట్టును బయటివారి ముందు పెట్టడం ఎందుకని కెనడాలో అడిగినవారున్నారు. మాలోనూ అడిగారు. మన శత్రువులు దీన్ని వాడుకుంటారు కదా అన్నారు ఒక పెద్దాయన. ఆ భయం నిరాధారం కాదు.

కాని దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి. బయటివాడు వింటాడని మనం ఊరుకున్న ప్రతిసారీ మొదట మూతపడేది మన ఆడబిడ్డల నోరే. స్త్రీలను మసీదుకు రాకుండా ఆపవద్దని ప్రవక్త (స) బోధించినట్లు ప్రామాణిక హదీసులలో ఉంది. మన అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు సైతం, స్త్రీలు నమాజుకు మసీదులో ప్రవేశించడం అనుమతింపబడినదేనని 2020 జనవరిలో సుప్రీంకోర్టుకు విన్నవించింది. అలాంటప్పుడు మన పట్టణాలలో ఎన్ని మసీదులలో స్త్రీలకు వుజూ చేసుకునే చోటుంది? ప్రయాణంలో ఉన్న స్త్రీ జొహర్ నమాజు ఎక్కడ చదువుకోవాలి? బస్టాండులోనా? జర్ఖా నవాజ్ ఈ ప్రశ్నలను కోపంగా గాక నవ్వుతూ అడిగారు. నవ్వుతూ అడిగినందువల్లనే మా పెద్దాయన చివరి పుట దాకా చదివారు. ఒప్పుకున్నారా అంటే, లేదు. చదివారు.

ధర్మం హాస్యాన్ని సహించదన్న అపోహ ఒకటి ఉంది. ప్రవక్త (స) పరిహాసమాడేవారని, అందులోనూ సత్యమే పలికేవారని మనం చదువుకున్నాము. వృద్ధురాళ్లు స్వర్గంలో ప్రవేశించరని ఒక ముదుసలితో అని, ఆమె కంటతడి పెట్టగా, యౌవనంతో ప్రవేశిస్తావని ఊరడించిన ఉదంతం పిల్లలకు కూడా తెలుసు. దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 11వ వాక్యంలో నిషేధించినది ఒక జనం మరొక జనాన్ని ఎగతాళి చేయడాన్ని. ఎగతాళి వేరు, హాస్యం వేరు. ఈ గ్రంథంలో రచయిత్రి అందరికంటె ఎక్కువగా నవ్వినది తన మీదనే. హజ్ యాత్ర భాగంలో సైతం కాబా పవిత్రతను వేలెత్తి తాకలేదు. యాత్రికురాలిగా తన అసహనాన్నీ తన బలహీనతలనూ నవ్వులపాలు చేసుకున్నారు. మృతదేహానికి గుసుల్ చేయించే సందర్భాన్ని కూడా రాశారు. అక్కడ ఆమె హాస్యం దానంతట అదే గొంతు తగ్గించుకుంటుంది. మాకు మిక్కిలి నచ్చిన భాగం అదే.

మన దేశానికి వస్తే, హాస్యకారుడు మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో అరెస్టు చేశారు. వేదిక మీద ఆ రోజు అనని మాటలకు. హైకోర్టు బెయిలు నిరాకరించింది. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా, నెల రోజులకు పైగా ఆయన జైలులో ఉన్నారు. ఆ ఏడాది చివరలో బెంగళూరు కార్యక్రమం రద్దయింది. 2022 ఆగస్టు 20న హైదరాబాదు శిల్పకళావేదికలో మాత్రం బెదిరింపుల నడుమనే, భారీ పోలీసు బందోబస్తుతో ప్రదర్శన జరిగింది. అది జరగనివ్వడం ప్రభుత్వం చేసిన దయ కాదు, రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద చేయవలసిన పని. అయినా నవ్వడానికి వెళ్లిన ప్రేక్షకులు అంతటి పోలీసు పహారా దాటి లోపలికి పోవలసి వచ్చిందంటే, నవ్వు మనకు ఎంత ఖరీదైపోయిందో తెలుస్తుంది.

అలాగని కెనడాను స్వర్గంగా చిత్రించే ఉద్దేశం మాకు లేదు. 2017 జనవరిలో క్యుబెక్ నగర మసీదులో నమాజు ముగిసిన కాసేపటికే ఆరుగురిని కాల్చి చంపారు. 2019లో అదే రాష్ట్రం, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయినులు హిజాబు ధరించరాదని చట్టం చేసింది. ఒక ధారావాహిక, ఒక పుస్తకం ఇలాంటి వాటిని ఆపలేవు. మరొక పరిమితి కూడా ఉంది. జర్ఖా నవాజ్ భర్త వైద్యుడు. ఆ పుటలలోని కష్టాలు సొంత ఇల్లు కట్టించుకునేవారి కష్టాలు. మన మామూలు బతుకు పంక్చరు షాపులో ఉంది, బీడీల చాటలో ఉంది, గల్ఫ్ నుంచి రావలసిన ఫోనులో ఉంది. ఆ పుస్తకం మన బదులు మాట్లాడదు.

మన తరఫున మాట్లాడినవి తెలుగులో లేకపోలేదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు యాసలో ఒక ముస్లిం బాలుని ఇంటినీ వీధినీ నవ్వుతూ చూపించాయి. ముస్లిం కథల సంకలనం 'వతన్' 2004లో వచ్చింది. షాజహానా 'నఖాబ్' కవితలలో స్త్రీ గొంతు సూటిగా పలికింది. ఆ కవితలలో ఆగ్రహమే ఎక్కువ. దానికి తగిన కారణమూ ఉంది. కాని మన ఇళ్లలోని అమ్మలు, నానీమాలు, ఫుప్పులు చెప్పే హాస్యం, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు పొలమారేలా నవ్వించే ఆ మాటలు, ఇంకా కాగితం మీదకు రాలేదు. అవి చెప్పేవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు.

అందుచేత వచ్చే పఠన సభకు మేము కోరేది స్వల్పం. ప్రతి కుటుంబమూ ఒక పుట రాసి తీసుకురావాలి. బిర్యానీ అడుగంటిన పెళ్లి గురించి కావచ్చు, రేషను కార్డులో తప్పు పడిన పేరు గురించి కావచ్చు, మొదటి రోజానాడు అసర్ వేళకే నీళ్ల కుండ చుట్టూ తిరిగిన పిల్లవాడి గురించి కావచ్చు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, ఉర్దూ కలిస్తే కలిసినట్టే రాయండి. రాయలేని పెద్దవారు చెబితే రాసిపెట్టడానికి మా బృందంలోని విద్యార్థినులు సిద్ధంగా ఉన్నారు. అసర్ నమాజు తరువాత మొదలుపెడదాము. స్త్రీలకు వుజూ ఏర్పాటు ఈసారి ఉంటుంది.