పంతులుకు పాఠం ఎవరు చెప్పారు?

(గిడుగు రామమూర్తి జయంతి నాడు కౌలాలంపూరులో చేసిన స్మారకోపన్యాసం)



గిడుగు వారి పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు, శాసనాల గురించీ వాడుక భాష ఉద్యమం గురించీ నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఉన్నారు గదా అన్నాను. "మీరు పంతులు గదా, పంతుళ్ల గురించే చెప్పండి" అన్నారు. సరే, ఈ మలేసియాలో తెలుగు చెప్పిన పంతుళ్ల గురించి చెబుతాను. పిల్లలకు వాళ్లు చెప్పారు, బాగానే ఉంది. వాళ్లకు చెప్పిందెవరు?

1921 జనగణన నాటికి మలయాలో తెలుగువాళ్లు సుమారు 40 వేలమంది. ఎక్కువమంది గంజాం, విశాఖ, గోదావరి వైపు నుంచి, కూలీలను పోగుచేసే కంగాణీల వెంట ఓడెక్కినవాళ్లే. రబ్బరు తోటల్లో కొందరు, బాగన్ డాటో కొబ్బరి తోటల్లో మరికొందరు. 1923 లేబర్ కోడ్ ప్రకారం, తోటలో బడి ఈడు పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి పెట్టాల్సిందే. దొర పెట్టాడు. రేకుల షెడ్డు వేశాడు, పలకలు తెప్పించాడు. పంతులో? తోటలో చదవడం వచ్చినవాడెవడైనా పంతులే. కొన్ని చోట్ల కిరాణి అనే గుమాస్తా, కొన్ని చోట్ల కంగాణీ, ఇంకొన్ని చోట్ల ఆసుపత్రి డ్రెస్సర్. పొద్దున పుళ్లకు మందు రాసి, మధ్యాహ్నం గుణింతాలు చెప్పేవాడన్నమాట. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తన చిన్నప్పుడు వీధిబడి అరుగు మీద చూసిందే మలయాలో చేశాడు. బెత్తం, వల్లెవేత, పెద్దబాలశిక్ష.

తంజోంగ్ మాలిం మన తోటలకు ఏమంత దూరం కాదు. 1922లో అక్కడ సుల్తాన్ ఇద్రిస్ శిక్షణ కళాశాల తెరిచారు, మలయ్ పంతుళ్లను తయారు చేయడానికి. మలయ్ సాహిత్యానికీ జాతీయ భావానికీ అక్కణ్ణుంచి ఎంతమంది వచ్చారో ఈ దేశంలో అందరికీ తెలుసు. పిల్లల బడి ఒక ఎత్తు, పంతుళ్ల బడి ఇంకో ఎత్తు. మలయ్ భాషకు రెండోది అప్పుడే దొరికింది. మన తోటల్లో మొదటిదానితోనే సరిపెట్టుకున్నాం.

తర్వాతి పాతికేళ్లు గబగబా చెప్పేస్తాను. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలస ఆపేసింది. దాంతో ఊరి నుంచి కొత్తగా చదువొచ్చినవాళ్లు రావడం తగ్గింది. జపాన్ వాళ్ల ఏలుబడిలో తోటలే చెల్లాచెదురయ్యాయి, బడుల సంగతి చెప్పేదేముంది!

యుద్ధం తర్వాత జరిగింది మాత్రం నిదానంగా చూడాలి. 1952 చదువుల చట్టం, పదిహేనుమంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే చీనా భాష గానీ తమిళం గానీ చెప్పిస్తామంది. 1956లో రజాక్ నివేదిక ప్రాథమిక బడులకు మలయ్, ఇంగ్లీషు, చీనా, తమిళం అని నాలుగు మాధ్యమాలు ఖాయం చేసింది. తెలుగు ఆ వరసలో లేదు. ఎవరో పగబట్టి తీసేశారని నేననను. మనం అడగాల్సినంత గట్టిగా అడగలేదు. అడగడానికి మనకు తగిన నోరూ లేదు. తోటల్లోని తెలుగు బడులు క్రమంగా మూతబడ్డాయి, పిల్లలు తమిళ బడులకు వెళ్లారు.

తమిళుల సంగతి చూడండి. 1957 నాటికి వాళ్ల బడులు 888. విశ్వవిద్యాలయంలో తమిళం ఉండాలని, తమిళ మురసు పత్రిక సంపాదకుడు సారంగపాణి గారు "తమిళం మా ప్రాణం" అనే పేరుతో జనం దగ్గర చందాలు పోగుచేశారు. పై మెట్టు మీద భాష ఉంటే కింది మెట్టుకు పంతులు దిగివస్తాడు. ఆ లెక్క వాళ్లకు తెలుసు. ఇంగ్లీషు బడుల కోసమైతే ప్రభుత్వం పంతుళ్లు కాబోయేవాళ్లను ఏకంగా ఓడలెక్కించి ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గరి కర్క్‌బీ కళాశాలకు పంపింది. మలయాకు స్వాతంత్ర్యం ఏ రోజున వస్తుందో 1956లో నాయకుడు టుంకు అబ్దుల్ రహ్మాన్ గారు చెప్పింది ఆ కళాశాలలో పంతులు చదువు చదివే పిల్లల ముందే. పంతుళ్లకు ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

మనవాళ్లూ ఊరుకోలేదు. 1955లో సంఘం పెట్టుకున్నారు, అదే నేటి మలేసియా తెలుగు సంఘం. గుడి మండపంలో, ఇంటి వసారాలో వారాంతపు తరగతులు నడిపారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, 1981లో రెండోవి ఈ కౌలాలంపూరులోనే జరిగాయి. మొదటి సభల ఫలంగా హైదరాబాదులో వచ్చిన అంతర్జాతీయ తెలుగు సంస్థ 1985లో తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. పుస్తకాలు వచ్చాయి, పట్టాలు వచ్చాయి, దండలూ శాలువాలూ లెక్కలేనన్ని వచ్చాయి. వచ్చిన పుస్తకం ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడి కోసం రాసింది. మన పిల్లవాడు బడిలో మలయ్, సెల్‌ఫోనులో ఇంగ్లీషు, వీధిలో తమిళం మాట్లాడతాడు. వాడికి తెలుగు అమ్మమ్మ భాషే కావచ్చు, నేర్చుకునే తీరులో మాత్రం పరాయి భాషే. ఈ మాట పెద్దలకు కష్టంగా ఉంటుందని తెలుసు.

పంతులుకు శిక్షణ దొరికే చోట్లూ ఉన్నాయి. మారిషస్‌లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తెలుగు చెప్పే పంతులుకు సర్కారు జీతం ఉంది. 1970లో ఏర్పడిన మహాత్మాగాంధీ సంస్థ వంటి చోట శిక్షణ కూడా ఉంది. అంతదూరం ఎందుకు, మన సబా రాష్ట్రంలో 1997 నుంచి కడజాన్‌దుసున్ భాషను ప్రాథమిక బడుల్లో చెబుతున్నారు. పంతుళ్లను తయారు చేసుకుంటూనే మొదలుపెట్టారు. 1996 చదువుల చట్టంలో "పిల్లల సొంత భాష" కింద చీనా, తమిళం, ఇక్కడి ఆదివాసుల భాషలు ఉన్నాయి. మనది లేదు. పక్కన సింగపూరు తమిళం కాక అయిదు భారతీయ భాషలను బడి చదువులో ఒప్పుకుంది. అందులోనూ మనది లేదు.

ఇంతవరకు చట్టాన్ని అన్నాను. ఇప్పుడు నా సంగతి.

ముప్ఫయ్యేళ్లు ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఇంగ్లీషు చెప్పాను. ఆ ముప్ఫయ్యేళ్లలో నాకు దొరికినన్ని వృత్యంతర శిక్షణ తరగతులు మరే దేశపు పంతులుకైనా దొరికాయా అనిపిస్తుంది. 2003లో లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో చెప్పాలన్నప్పుడు ఊరూరా శిక్షణే. నిలాయిలోని ఇంగ్లీషు బోధనా కేంద్రంలోనూ శిక్షణే. 2015 తర్వాత ఐరోపా వాళ్ల భాషా కొలబద్ద వచ్చింది, దానికి మళ్లీ శిక్షణ. పైవాళ్లు కిందివాళ్లకు, వాళ్లు ఇంకా కిందివాళ్లకు చెప్పే పద్ధతి. మా దాకా వచ్చేసరికి మజ్జిగలో నీళ్లెక్కువయ్యేవి. అయినా కొంత నేర్చుకున్నాను. ముందు వినిపించు, తర్వాత మాట్లాడించు, రాత తొందరపడకు. తప్పు మాట్లాడినా మాట్లాడనీ. బొమ్మ చూపించు, పాట పాడించు, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరినొకరు అడగమను.

శుక్రవారం దాకా అలా చెప్పేవాణ్ణి. ఆదివారం తెలుగు తరగతికి వెళ్లి ఏం చేసేవాణ్ణంటారా? బోర్డు నిండా అచ్చులు రాసి, పదేసి సార్లు దించమనేవాణ్ణి. ఌ కూడా! నా జన్మలో ఒక్క తెలుగు మాటలో వాడని అక్షరం. తెలుగు నేను అలాగే నేర్చుకున్నాను, అలాగే చెప్పాను. నా సంచిలో ఉన్న విద్య ఆదివారం బయటికి తీయవచ్చని ఇరవయ్యేళ్లు తట్టలేదు. శిక్షణ ఇంగ్లీషుకే గానీ తెలుగుకు కాదనుకున్నాను కాబోలు.

ఒక ఆదివారం ఎనిమిదేళ్ల పిల్ల లేచి, "చిక్‌గూ, మాయమ్మమ్మ ఏటన్నాదంటే..." అని మొదలుపెట్టింది. ఈ దేశంలో పంతులును పిలిచే మాట చిక్‌గు, మీకు చెప్పనక్కర్లేదు. "ఏటి కాదమ్మా, ఏమిటి అనాలి. అన్నాది కాదు, అన్నది" అన్నాను. పిల్ల కూర్చుంది. అమ్మమ్మ ఏమందో నాకిప్పటికీ తెలియదు. ఆ ఏడాదంతా అచ్చులూ హల్లులూ చక్కగా దించింది, నోరు మాత్రం తెరవలేదు.

గిడుగు వారు పుట్టింది 1863 ఆగస్టు 29న, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆ పిల్ల అమ్మమ్మ నోట్లో ఉన్నది ఆ ఏటి గట్టు మాటే. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నారాయన. మొదట చేసిన పనేమిటి? సవర భాష తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, తానే పిల్లవాడిలా కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టారు. 1931లో వచ్చిన సవర వ్యాకరణం వెనక ఇన్నేళ్ల వినికిడి ఉంది. శిష్యుడి నోట్లోని మాటను ముందు పంతులు నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. నిలాయిలో నాకు చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే ఆయనకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

ఉద్యోగం విరమించాక మా తరగతిలో బోర్డు తీసేశాం. నలుగురు పంతుళ్లం నెలకోసారి కూర్చుని ఒకరి పాఠం ఒకరం చూసుకుంటున్నాం. మొదట్లో బావగారి ముందు పాడమన్నంత సిగ్గుపడ్డాం. పిల్లల్ని ఇంట్లోంచి ఒక్కో వస్తువు తెమ్మంటున్నాం, దాని పేరు ఇంట్లో ఎలా అంటే అలాగే.

మొన్న ఒక కుర్రాడు వచ్చి చేరాడు. చూస్తే ఆనాడు నోరు మూసుకున్న పిల్ల కొడుకే. వేరే పిల్లవాడు తెచ్చిన కొబ్బరి పీచుతాడు పట్టుకుని, "చిక్‌గూ, ఇదేటి?" అన్నాడు. వెనక నిలబడ్డ తల్లి గబుక్కున నా వైపు చూసింది.

"తాడురా. మీ ఇంట్లో ఏటంటారు?" అన్నాను.