విముక్తి పేరిట యుద్ధం న్యాయమేనా?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సభలలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి పాలన కింద నలిగిపోతున్న ప్రజలను విడిపించడానికి యుద్ధానికి దిగడం న్యాయమా? ఇది ఎక్కడో దూరదేశాలకు సంబంధించిన ప్రశ్న కాదు. మన సీమయే ఒకనాడు అటువంటి యుద్ధం వల్ల చేతులు మారింది. ఏటా సెప్టెంబరు 17 రాగానే తెలంగాణలో ‘విమోచన’ అనే మాట మీద రేగే వివాదం మన పిల్లల ఫోన్లలోకీ వచ్చి చేరుతున్నది. రజాకార్ల వారసులన్న నింద వారి చెవిన పడుతున్నది. ఆ నిందకు కోపంతో కాక, చరిత్రతోను న్యాయదృష్టితోను సమాధానం చెప్పగలగాలన్న ఉద్దేశంతోనే మేము ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

ముందుగా ధర్మం ఏమంటున్నదో చూద్దాము. అణచివేతకు గురైన స్త్రీలు, పురుషులు, పసివారు రక్షించమని మొరపెట్టుకుంటుంటే ఊరక కూర్చోవడం ఏమిటని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 75వ ఆయతులో నిలదీస్తుంది. అదే దివ్యగ్రంథం అల్ బఖరా సూరా 190వ ఆయతులో పోరులో హద్దు మీరడాన్ని నిషేధిస్తుంది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, ఫలవృక్షాలను నరకవద్దని, ఆశ్రమాలలో ఉన్న సన్యాసుల జోలికి పోవద్దని హజ్రత్ అబూబకర్ (రజి) తన సేనలకు ఆదేశమిచ్చారు. అంటే మనపై రెండు బాధ్యతలున్నాయి. పీడితుని విడిచిపెట్టరాదు. అతని పేరు చెప్పి మరొకరిని పీడించరాదు.

ఈ రెండింటి వెలుగులో ప్రతి విముక్తి యుద్ధాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. రమ్మని పిలిచింది ఎవరు? యుద్ధం ముగిశాక ఏలింది ఎవరు? బలహీనుల ప్రాణాలకు పూచీ పడింది ఎవరు?

మన ప్రాంతం నుండే మొదలుపెడదాము. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలి, టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. నిరంకుశుని తొలగించి పాత రాజవంశాన్ని నిలబెట్టామని ఈస్టిండియా కంపెనీ చాటుకున్నది. అయిదేళ్ల బాలుడైన మూడవ కృష్ణరాజ ఒడయరును సింహాసనంపై కూర్చోబెట్టింది. 1831లో అదే కంపెనీ ఆ రాజు చేతిలోని పరిపాలనను కూడా లాక్కున్నది. 1792, 1799 యుద్ధాలలో మైసూరు నుండి నిజాముకు దక్కిన భూభాగాలు, 1800 అక్టోబరులో కంపెనీ సైన్యం ఖర్చు కింద ఆ కంపెనీకే దత్తమైనాయి. మనకు దత్తమండలాలన్న పేరు అట్లా వచ్చింది. ఈ మార్పులలో దేనికీ రైతు అనుమతి ఎవరూ కోరలేదు. మొదటి కలెక్టరైన థామస్ మన్రో స్వయంగా 1807లో భూమి శిస్తును నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గించమని సిఫారసు చేశాడు. అప్పటికి అది అమలుకు నోచుకోలేదు. మన మూడు ప్రశ్నలకూ ఈ యుద్ధం వద్ద జవాబు లేదు. అది విముక్తి కాదు, యజమాని మార్పు మాత్రమే.

ఇక్కడ మన న్యాయబుద్ధికీ ఒక పరీక్ష ఉన్నది. టిప్పు సుల్తాన్ ఆంగ్లేయులతో పోరాడి ప్రాణమిచ్చిన వీరుడు. అయినను కొడగు ప్రజలు, మంగుళూరు క్రైస్తవులు ఆయన సేనల వల్ల చెరకు, వలసకు గురైన మాట వాస్తవం. మనవాడు చేసిన యుద్ధానికి ఒక తూకం, పరాయివాడు చేసిన యుద్ధానికి మరొక తూకం పెడితే మన మాటకు విలువ ఉండదు.

ఇక 1948 హైదరాబాదు. అది అచ్చంగా వలస రాజ్యం కాదు గాని, ప్రజలకు తమ పాలకుని ఎన్నుకునే హక్కు లేని రాజ్యం. అక్కడి రైతులు 1946 నుండే దొరల పెత్తనంపై తిరగబడ్డారు. స్వామి రామానంద తీర్థ నాయకత్వాన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు భారత్‌లో విలీనం కోరింది. ముస్లిములందరూ నిజాము పక్షాన నిలిచారన్నది అసత్యం. మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి నాయకులలో ఒకరు. విలీనాన్ని సమర్థించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు హత్య చేశారు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబున్నది, ప్రజలే పిలిచారు. రెండవ ప్రశ్నకూ జవాబున్నది, 1952 నాటికి ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది.

మూడవ ప్రశ్న వద్దనే గుండె బరువెక్కుతుంది. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాము లొంగుబాటుతో ముగిసింది. అటుపిమ్మట జరిగిన హింసను విచారించడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారిని ప్రధాని నెహ్రూ పంపారు. తక్కువలో తక్కువగా లెక్క వేసినా 27 వేల నుండి 40 వేల మంది మరణించి ఉంటారని వారు నివేదించారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికంటె ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల ముందుకు రాలేదు. రజాకార్ల దౌర్జన్యానికి అది ప్రతిక్రియ అని కొందరు సమర్థిస్తారు. బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన హత్యాకాండ క్షమించరానిది. కాని ఆ పాపం చేసినవారిదే. ఉస్మానాబాదు పల్లెలోని కూలివానిది కాదు.

ధర్మవరంలో మగ్గం మీద బ్రతుకుతున్న కుటుంబాలు ముఖ్యంగా వినవలసిన సంగతి ఒకటి అదే నివేదికలో ఉన్నది. కొన్ని చోట్ల హిందూ నేతపనివారు తమ మతస్థులకే ఎదురునిలిచి, ప్రాణాలు సైతం పోగొట్టుకుని, ముస్లిం నేతపనివారిని కాపాడారు. ఒకే వృత్తిలోని చెలిమి మత విద్వేషానికి అడ్డుగోడ అయింది. బాబయ్య దర్గాకు అన్ని మతాలవారూ వచ్చే పెనుకొండకు ఈ మాట కొత్త కాదు.

1971 బంగ్లాదేశ్ విముక్తిని కూడా ఇదే త్రాసులో తూచవచ్చును. అక్కడి ప్రజలే ముందు పోరాడారు. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. గెలిచిన భారత సేన 1972 మార్చిలో వెనుదిరిగింది. విముక్తి యుద్ధాలలో ఇది మెరుగైన ఉదాహరణ. అయినను అక్కడి ఉర్దూ భాషీయులు దశాబ్దాల పాటు శిబిరాలలో మగ్గి, 2008లో ఢాకా హైకోర్టు తీర్పుతోగాని పౌరసత్వపు గుర్తింపు పొందలేదు. మంచి యుద్ధంలోనూ మూడవ ప్రశ్న మిగిలిపోయింది.

కనుక మా అభిప్రాయం ఇది. పీడితులు తామే లేచి, శాంతి మార్గాలన్నీ మూసుకుపోయి, సాయం కోరినప్పుడు యుద్ధం న్యాయం కావచ్చును. సాయానికి వచ్చినవాడు పాలకుడై తిష్ఠ వేస్తే ఆ న్యాయం నశిస్తుంది. ఓడిన పక్షంలోని నిరపరాధులను కాపాడకపోతే ఆ న్యాయం మలినమవుతుంది.

తల్లిదండ్రులారా! సెప్టెంబరు 17 నాడు మీ పిల్లలకు షోయబుల్లా ఖాన్ కథ చెప్పండి. ఉస్మానాబాదులో చనిపోయినవారి సంగతీ చెప్పండి. కార్యకర్తలారా! సుందర్‌లాల్ నివేదికలోని సంగతులు పాఠ్యపుస్తకాలలోకి రావాలని రాజ్యాంగబద్ధంగా కోరండి. ఆ రోజుల నుండి పారిపోయి మన సీమకు వచ్చిన కుటుంబాలు మీ పేటలలో ఉంటే, ఆ పెద్దల మాటలను ఇప్పుడే వ్రాసి పెట్టండి. ఇంక కొన్నేళ్లకు చెప్పేవారు మిగలరు.