కాగితం ఎవరి చేతిలో ఉంది?



వంటపని ముగించుకుని, పిల్లలను బడికీ ఇంటాయనను ఆఫీసుకూ పంపించి, కాస్త తీరిగ్గా రేడియో దగ్గర కూర్చున్న వేళ ఈవిడ చట్టాలు, కోర్టులు అంటుందేమిటని విసుక్కోకండి. ఈ మాట మొదలైంది మా పెరట్లో, అంట్లు తోమే చోటే.

మాది పుట్టపర్తి. మా వీధిలో చాలామంది మేడమీది గదులు విదేశీయులకు అద్దెకిస్తుంటారు. విదేశస్థులెవరైనా ఇంట్లో దిగితే 24 గంటలలోగా వారి పాస్‌పోర్టు వివరాలు, వీసా గడువు ఇంటివాళ్ళు అధికారులకు తెలియజేయాలి. ఈ నిబంధన పాత చట్టాల కాలంనుంచీ ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టంలోనూ ఉంది. మా పక్కింటి పిన్నిగారికి ఇదంటే సుతరామూ గిట్టదు. "ఇంటికొచ్చిన మనిషి మీద చాడీలు చెప్పినట్టు ఏమిటే ఇది!" అంటూనే, ఆ వివరాలు రాయించుకోవడానికి నా దగ్గరికి వస్తారు.

ఒకనాడు అలా రాస్తూండగా మా పనిపిల్ల గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అక్కా, ఆ యమ్మ వీసా దినాలు అయిపోయినాక గూడా ఈడే ఉండిపోతే ఏం జేస్తారు?" అంది. వెనక్కి పంపించేస్తారన్నాను. "పంపించే వరకూ యాడ పెడతారు?" అంది. నీకెందుకే ఆ గొడవ అంటే అసలు సంగతి బయటపడింది. ఆ పిల్ల కువైట్ వెళ్ళడానికి సిద్ధమవుతోంది.

ఎందుకని అడగవలసిన పని లేదు. దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా మా అనంతపురానికి పేరు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు మారింది గాని మబ్బు మారలేదు. శెనిక్కాయ పంట పోయింది, వేసిన బోర్లలో నీళ్ళు పడలేదు, అప్పు మాత్రం నిలిచింది. కదిరి, రాయచోటి వైపునుంచి ఎందరో ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళారు. వాళ్ళు పంపిన డబ్బుతో మిద్దెలు లేచాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. అది అబద్ధం కాదు. ఆ మిద్దె చూసే ఈ పిల్లకూ ఆశ పుట్టింది. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానన్నాడట. వయసు 27 ఏళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అనంతపురంలో వకీలుగా ఉన్న మా తమ్ముణ్ణి అడిగాను. కదిరి దగ్గర పల్లెలో, 2018లో కువైట్‌నుంచి తిరిగివచ్చిన ఒకామెను కూడా వెళ్ళి కలిశాను. ముందు ఆమె చెప్పింది చెబుతాను.

ఆమె వెళ్ళింది ఇంటిపనివారికిచ్చే వీసా మీదనే. దాన్ని అక్కడ 20వ నంబరు వీసా అంటారు. పని ఇచ్చే యజమానిని కఫీల్ అంటారు. నివాసానికి అనుమతి, అదే మనవాళ్ళు అకామా అంటారే, అది ఆ కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. విమానం దిగగానే ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళు తీసుకుని బీరువాలో పెట్టారు. ఆ ఇంటి పనీ, పెళ్ళయిన కూతురింటి పనీ ఆమే చేయాలి. కొన్నాళ్ళకు జీతం నిలిచింది. అడిగితే రేపు, ఎల్లుండి. ఓపిక పట్టి పట్టి ఒక రాత్రి ఇల్లు విడిచి, మన జిల్లా ఆడవాళ్ళుండే గదికి చేరింది. మర్నాడే యజమాని ఆమె పారిపోయిందని ఫిర్యాదు చేశాడు.

చూడండి, జీతం ఎగ్గొట్టిన మనిషి ఫిర్యాదుదారుడయ్యాడు, జీతం రాని మనిషి నేరస్థురాలయింది! అకామా రద్దయింది. ఇలాంటివాళ్ళను గల్ఫులో మనవాళ్ళు కల్లివెల్లి అంటారు. ఐదేళ్ళు ఆమె గంటల లెక్కన దొంగచాటుగా పనులు చేసుకుంటూ గడిపింది. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకునేది. ఇక్కడ తల్లి పోతే ఫోనులో ఏడ్చిందే తప్ప రాలేకపోయింది. 2018 జనవరి 29 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ఏప్రిల్ 22 దాకా గడువు పొడిగించింది. ఆ సమయంలో మన రాయబార కార్యాలయం ఇచ్చిన ఔట్‌పాసుతో, ఒక్క సంచీతో ఇంటికి చేరింది. "పాస్‌పోర్టు నా చేతిలో ఉండుంటే అమ్మ మొగం చూసేదాన్ని" అన్నది ఒక్కటే మాట.

ఇక మా తమ్ముడు చెప్పినది. కువైట్‌లో దేశంనుంచి పంపివేయడం రెండు రకాలట. నేరం చేసిన వారిని కోర్టు శిక్షలో భాగంగా పంపివేయడం ఒకటి. కోర్టుతో పనిలేకుండా హోంశాఖ ఉత్తర్వుతో పంపివేయడం రెండోది. ఈ రెండోదాని మీద అప్పీలు చేసుకుందామంటే దారి లేదు. ప్రభుత్వ ఉత్తర్వులను విచారించే కోర్టును అక్కడ 1981లో చట్టం చేసి పెట్టారు గాని, విదేశీయుల నివాసం, బహిష్కరణ విషయాలను దాని పరిధిలోనుంచి తీసివేశారు. పట్టుబడితే బహిష్కరణ కేంద్రంలో ఉంచి, వేలిముద్రలు తీసుకుని పంపించేస్తారు. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. క్షమాభిక్ష వేళ తమంతట తాము బయలుదేరినవారికి మాత్రం జరిమానా మాఫీ, కొత్త వీసాతో తిరిగి రావడానికి వీలూ ఉంటాయి. అలాంటి అవకాశం 2020 ఏప్రిల్‌లోనూ, 2024 మార్చి 17 నుంచి జూన్ చివరిదాకానూ ఇచ్చారు. కాని అది వారి దయ. ఎప్పుడిస్తారో ఎవరు చెప్పగలరు?

అక్కడ పనివారికి చట్టమే లేదా అంటే, ఉంది. 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవివ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. చట్టం బాగానే ఉంది. నాలుగు గోడల మధ్య ఉన్న ఆడదానికి అది చెప్పేదెవరు? మన ఇళ్ళలో పనిచేసే వాళ్ళకు వారానికో రోజు సెలవిస్తున్నామా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. గతుక్కుమన్నాను.

మన ప్రభుత్వం కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టింది. పదో తరగతి ప్యాసు కానివారు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. అలాంటి ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి వాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో అందుకు ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఉంది. ఈ గట్టు తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు. విజిట్ వీసా అంటే చూసి రావడానికి, పని చేయడానికి కాదు. దానిమీద పని చేసిన ఆడమనిషి మొదటి రోజునుంచే చట్టం దృష్టిలో దోషి. ఆమె ఎక్కడ ఉన్నదో మన ప్రభుత్వం దగ్గర లెక్క ఉండదు. ఏజెంటు మాత్రం లెక్కపెట్టి తీసుకుంటాడు.

ఇదంతా చదువురాని వాళ్ళ బాధ, మన పిల్లలు అమెరికాలో చదువుతున్నారు కదా అనుకుంటున్నారేమో. తొందరపడకండి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద అధికారులు దాడి చేశారు. సుమారు 1500 మంది విద్యార్థులు, వారిలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, దిక్కుతోచక నిలబడ్డారు. కొందరి కాళ్ళకు, ఎటు పోతున్నారో తెలియడానికి రేడియో పట్టీలు కట్టారు. ఆ సంస్థ నడిపిన ఆమెకు 2014లో పదహారున్నర ఏళ్ళ శిక్ష పడింది. పిల్లల చదువు, తల్లిదండ్రుల అప్పు మాత్రం వెనక్కి రాలేదు. మళ్ళీ 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం సంగతి బయటపడింది. అది అసలు విశ్వవిద్యాలయమే కాదు, వీసా మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వాధికారులే పెట్టిన బోర్డు. ఆ సంవత్సరం చివరికి సుమారు 250 మంది విద్యార్థులను పట్టుకున్నారు. తరగతులు లేని చోట చేరడం పిల్లల తప్పే. కట్టిన ఫీజు కోసం ఒక విద్యార్థి ప్రభుత్వం మీదే దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ దావా నడవవచ్చునని తీర్పు చెప్పింది.

అమెరికాలో ఇలాంటి కేసులకు ఇమిగ్రేషన్ జడ్జీలుంటారు. ఆ జడ్జీలు న్యాయశాఖ ఉద్యోగులే. అక్కడ వకీలును పెట్టుకోవచ్చు, కాని మామూలుగా ఖర్చు మనదే, ప్రభుత్వం పెట్టదు. ఆ ఖర్చుకు భయపడి చాలామంది తమంతట తామే వెళ్ళిపోతామని ఒప్పుకుంటారు. ఒకచోట తలుపు లేదు, ఇంకోచోట తలుపుంది గాని తట్టడానికి డబ్బు కావాలి.

మరి మన దేశం? 1937 నుంచి ఇక్కడే ఉన్న ఒక బెల్జియం దేశస్థుణ్ణి వెళ్ళిపొమ్మంటే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1991లో కోర్టు ఏమన్నదంటే, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే రక్షణ విదేశీయుడికీ ఉంది, ఇక్కడే స్థిరపడే హక్కు మాత్రం లేదు అని. ప్రాణభయంతో వచ్చినవారి సంగతి ఇంకా కష్టం. శరణార్థుల గురించి 1951లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. హైదరాబాదులో బాలాపూర్ వైపు బర్మానుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు గుడిసెల్లో ఉంటున్నారు. అలాంటివారిని పంపివేయడం గురించిన కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, చట్టంలో చెప్పిన పద్ధతి పాటించకుండా పంపకూడదన్నది. ఆపలేదు, పద్ధతి ప్రకారం చేయమన్నది. 1960 దశకంలో అదే బర్మానుంచి మన తెలుగువాళ్ళు కట్టుబట్టలతో విశాఖపట్నం వచ్చి చేరిన రోజులు పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. వెళ్ళగొట్టించుకోవడం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

ఇదంతా విన్నాక నాకు ఒకటే తోచింది. ఏ దేశపు చట్టమైనా పరాయివాళ్ళ కన్నీళ్ళు చూడదు, కాగితం చూస్తుంది. కనుక ఆ కాగితం ఏమిటో, ఎవరి చేతిలో ఉందో ఆడవాళ్ళు ముందుగా తెలుసుకోవాలి. మీ ఇంట్లోగాని, మీ ఇంట పనిచేసే వాళ్ళలోగాని ఎవరైనా బయలుదేరుతుంటే నాలుగు పనులు చేయండి. వీసా మీద పని అని ఉందో, విజిట్ అని ఉందో చదివించండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు ఒక జత ఇంట్లో ఉంచండి. కఫీల్ పేరు, ఫోను నంబరు రాసి పెట్టుకోండి. అక్కడ కష్టమొచ్చి ఇల్లు విడవవలసివస్తే, తెలిసినవాళ్ళ గదికి కాదు, తిన్నగా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళమని చెప్పండి. కష్టంలో ఉన్న పనివారికి అక్కడ ఆశ్రయం కూడా ఇస్తారు.

మా పనిపిల్లను వెళ్ళవద్దని నేను అనలేదు. ఆమె అప్పు నేను తీర్చలేనప్పుడు అలా అనే హక్కు నాకెక్కడిది? పైవన్నీ చెప్పి, ఏజెంటుకు డబ్బు కట్టకముందు వీసా కాగితం తెచ్చి నాకు చూపించమన్నాను. ఆ మాట చెప్పేసరికి ఏజెంటు, "చదువుకున్న ఆడోళ్ళకు చూపిస్తే పని కాదు" అన్నాడట. "అయితే నా దుడ్డు గూడా కాదులే అన్నానక్కా" అని చెప్పి గిన్నెలు బోర్లించింది. ఇప్పటికైతే ఆగింది. అప్పు అలాగే ఉంది. 30 నిండాక ప్రభుత్వ కంపెనీ ద్వారానే పోతానంటోంది. ఆదివారం మాత్రం మా ఇంటికి పనికి రావద్దన్నాను.

పక్కింటి పిన్నిగారి మేడమీదికి మొన్న కొత్తగా ఒకావిడ వచ్చింది. వివరాలు రాసుకోవడానికి పాస్‌పోర్టు అడిగాం. పని కాగానే పిన్నిగారు, "జాగ్రత్తమ్మా, నీ దగ్గరే పెట్టుకో" అని తెలుగులోనే చెప్పి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడకు అర్థమయినట్టే ఉంది.