ఒక బాటరీ - రెండు వోల్టేజీలు

పూర్వము విద్యుత్తు సరఫరా లేని ఊళ్లలో వాల్వు రేడియోలు బాటరీలతో నడిచెడివి. వాల్వులోని తీగ వేడెక్కుటకు ఒకటిన్నర వోల్టు చాలును. దాని ప్లేటుకు మాత్రము 90 వోల్టులు కావలెను. అందుచేత పెక్కు సెట్లకు రెండు వేర్వేరు బాటరీలుండెడివి. కొన్ని సెట్లలో పెద్ద బాటరీ నడుమ నుండి ఒక తీగ తీసి 45 వోల్టులు కూడ గ్రహించెడివారు. అవి పొడి బాటరీలు. ఒక భాగము ముందుగా అరిగిపోయినను, దానిని పారవేసి క్రొత్తది తెచ్చుకొనుటతో సరిపోయెడిది.

ఇంటిలో పిల్లలు సరదాగా కూర్చుకొను నేటి పరికరములలోను ఇదే చిక్కు ఎదురగుచున్నది. లెక్కలు చేయు చిప్పుకు 3.3 వోల్టులు కావలెను. స్పీకరును పలికించు యాంప్లిఫయరుకు 5 వోల్టులు కావలెను. చేతనున్నదేమో లిథియం-అయాన్ సెల్లు. 1991లో సోనీ సంస్థ విపణిలోనికి తెచ్చిన ఈ జాతి సెల్లు నిండుగా ఛార్జి అయినపుడు 4.2 వోల్టులు, ఖాళీ అగుసరికి సుమారు 3 వోల్టులు ఇచ్చును. మనకు కావలసిన రెండు వోల్టేజీలలో ఏదియు దానియందు నిలకడగా దొరకదు.

కొందరు రెండు సెల్లులను వరుసగా కలిపి, నడుమ నుండి తీగ తీసి, పాత ఉపాయమునే ప్రయోగింతురు. ఇది ప్రమాదము. క్రింది సెల్లు రెండు భారములను మోయును. పై సెల్లు ఒక్కదానినే మోయును. కావున క్రిందిది ముందుగా ఖాళీ అగును. మరల ఛార్జి చేయునపుడు సాధారణమైన ఛార్జరు రెండింటి మొత్తమును, అనగా 8.4 వోల్టులను మాత్రమే చూచును. క్రిందిది నిండకమునుపే పైది 4.2 వోల్టులను దాటిపోవును. అట్లు హద్దు దాటిన సెల్లు ఉబ్బవచ్చును. మంట కూడ అంటుకొనవచ్చును.

మరి మార్గమేమి? సెల్లు ఒక్కటే చాలును. 5 వోల్టుల కొరకు వోల్టేజిని పెంచు కన్వర్టరును వాడవలెను. అందులో ఒక ట్రాన్సిస్టరు క్షణమునకు లక్షలసార్లు తెరచుకొని మూసికొనుచు, తీగచుట్టలో శక్తిని నిలువచేసి, హెచ్చు వోల్టేజితో విడుదల చేయించును. అయితే ఇది ఉచితముగా వచ్చునది కాదు. లోతు బావి నుండి అంతే శ్రమతో తోడినచో తక్కువ నీరే వచ్చును గదా! 5 వోల్టుల వద్ద 200 మిల్లీ ఆంపియర్లు కావలెనన్నచో, కన్వర్టరు నూటికి తొంబది పాళ్లు సమర్థమైనను, 3.7 వోల్టుల సెల్లు సుమారు 300 ఈయవలసి యుండును.

ఇక 3.3 వోల్టుల సంగతి. పెంచిన 5 వోల్టుల నుండి సాధారణ రెగ్యులేటరుతో దించుట పలువురి అలవాటు. పెంచి దించుటలో శక్తి వేడియై పోవును. చిప్పుకు 100 మిల్లీ ఆంపియర్లు కావలెనన్నచో ఈ త్రోవలో సెల్లు సుమారు 150 ఈయవలెను. స్వల్ప భేదముతో పనిచేయు రెగ్యులేటరును సెల్లుకే తిన్నగా కలిపినచో 100తో సరిపోవును. సెల్లు 3.4 వోల్టుల దరికి దిగినపుడు ఈ రెగ్యులేటరు 3.3ను నిలుపలేదు; కాని అప్పటికి సెల్లులోని శక్తిలో అధికభాగము వినియోగమై యుండును. ఆ మిగిలినది కూడ కావలెనన్నచో, పెంచుటను దించుటను రెండింటిని చేయు కన్వర్టరును ఎన్నుకొనవలెను.

ఈ లెక్క ప్రకారము 2000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లు మొదటి త్రోవలో నాలుగున్నర గంటలకు లోపుగాను, రెండవ త్రోవలో సుమారు 5 గంటలును పరికరమును నడుపును.

ఏ త్రోవ పట్టినను, లిథియం సెల్లుకు తగిన ఛార్జరును, అతిగా నిండుటను, అతిగా ఖాళీ అగుటను ఆపు రక్షణ పలకను తప్పక అమర్చవలెను. వాడి పారవేయు బాటరీకి చెల్లిన ఉపాయము మరల మరల నింపుకొను బాటరీకి చెల్లదు. కావలసిన వోల్టేజిని తయారు చేసికొనవలెనే గాని, బాటరీని నడిమికి చీల్చి తీసికొనరాదు.