మూగజీవుల హక్కు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, అనుచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

మాన్య సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని ముందుగా మాకు మేము, ఆపై మీకు హితవు చెబుతున్నాము. భయభక్తులు నమాజు వరుసలలోనే ముగిసిపోయేవి కావు. ఫిర్యాదు చేయలేని ప్రాణి మన చేతికి చిక్కినప్పుడు మనం ఎలా ప్రవర్తిస్తామో, అక్కడ కూడా అవి పరీక్షకు నిలుస్తాయి.

ఈ విషయాన్ని ఈ శుక్రవారం ఎందుకు ఎత్తుకున్నామో చెబుతాము. రమజాన్‌కు ముందు మన మసీదుకు సున్నం వేయించాము. వుజూ చేసే చోట, పైకప్పు కింద గోడలో ఒక రంధ్రం ఉండేది. అందులో నుండి పీచు, దూది, ఎండుగడ్డి రాలి హౌజులో పడుతున్నాయని కొందరు చెప్పగా, మేస్త్రీ చేత దానిని సిమెంటుతో మూయించాము. లోపల ఏమున్నదో చూడమని మాలో ఎవరమూ అనలేదు. ఆనాడు అసర్ నుండి మగ్రిబ్ దాకా ఒక ఉడుత వేపచెట్టు నుండి గోడకు, గోడ నుండి చెట్టుకు పరుగులు తీస్తూ, తోక కొట్టుకుంటూ అరుస్తూనే ఉన్నది. మేము ఆ అరుపు విన్నాము. విని, నమాజు వేళయిందని లోపలికి వెళ్ళాము. ఇషా తరువాత మక్తబ్‌లో చదివే ఒక పిల్లవాడు వచ్చి, “హజ్రత్, దాని పిల్లలు లోపల ఉన్నాయేమో!” అన్నాడు. అప్పుడు ఉలి, సుత్తి తెప్పించి సిమెంటు తీయించాము. లోపల మూడు పిల్లలున్నాయి. రెండు కదులుతున్నాయి, ఒకటి కదలలేదు. మరునాడు ఫజర్ తరువాత, వెలుగు వచ్చాక, తల్లి ఉడుత ఆ రెండింటినీ ఒక్కొక్కటిగా నోట కరచుకొని చెట్టు మీదికి తీసుకుపోయింది.

తప్పు మేస్త్రీది కాదు, మాది. మింబరు మీద నిలబడి ఇతరుల తప్పులు చెప్పేవారు తమ తప్పును దాచుకోరాదు గనుక దీనిని మీ ముందు ఉంచుతున్నాము.

సోదరులారా! భూమిపై సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్‌లోని అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు మనకు తెలుపుతున్నది. ప్రతి జీవికి ఉపాధినిచ్చే బాధ్యత అల్లాహ్‌దేననీ, దాని నివాసమేదో ఆయనకు తెలుసుననీ, అంతా స్పష్టమైన గ్రంథంలో నమోదై ఉన్నదనీ హూద్ సూరా 6వ ఆయతు చెబుతున్నది. మన కంటికి అది గోడలోని రంధ్రం మాత్రమే. అల్లాహ్ గ్రంథంలో అది ఒక ప్రాణి నివాసం.

అన్ నమ్ల్ సూరాలోని చీమ వృత్తాంతం మనందరికీ తెలిసినదే. సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యం వస్తున్నదని చూసి, తెలియక తొక్కివేస్తారేమో, పుట్టల్లోకి వెళ్ళండని ఆ చీమ తన వారిని హెచ్చరించింది. ‘తెలియక’ అన్న మాటతో ఆ చిన్నప్రాణి సైన్యానికి ఒక మినహాయింపు ఇచ్చింది. మేము మాత్రం తల్లి అరుపు చెవులారా విన్న తరువాత తెలియదని ఎలా చెప్పగలము?

ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరుగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని పిల్లల విషయంలో దానిని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తల్లికి తిరిగి అప్పగించమని ఆజ్ఞాపించారు. పక్షి రెక్కల చప్పుడును ఆయన ఒక ఫిర్యాదుగా స్వీకరించారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందనీ, దప్పికగొన్న కుక్కకు బావిలోని నీరు బూటులో తెచ్చి త్రాగించిన మనిషికి మన్నింపు లభించిందనీ ఆయనే తెలిపారు.

“జామపండ్లన్నీ ఉడుతలు కొరికివేస్తున్నాయి, బియ్యం ఎలుకల పాలవుతున్నది, ఊరకుండాలా?” అని మీరు అడగవచ్చు. ఊరకుండనక్కరలేదు. హానిని తొలగించుకోవడానికి షరీఅత్ అనుమతించింది. ఎలుకను, తేలును చంపడానికి కూడా అనుమతి ఉన్నది. అయితే చంపవలసి వచ్చినప్పుడు సైతం ఉత్తమ రీతిని పాటించమని దైవప్రవక్త (స) బోధించారు. దుకాణాల్లో దొరికే బంక అట్టకు అంటుకున్న ప్రాణి గంటల తరబడి పెనుగులాడి చస్తుంది. ఎలుక కోసం పెట్టిన అట్టకు ఉడుత, బల్లి, పిచ్చుక కూడా అంటుకుంటాయి. ఈ పద్ధతిని విడిచిపెట్టండి. పండ్లకు గుడ్డ సంచులు కట్టండి. ధాన్యాన్ని మూతలున్న డబ్బాలలో భద్రపరచండి. ఇంత చేసినా ఉడుత ఒక పండు తింటే దిగులుపడకండి. విశ్వాసి నాటిన చెట్టు నుండి పక్షి గానీ, పశువు గానీ తిన్నది అతనికి దానంగా వ్రాయబడుతుందన్నది ప్రవక్త (స) శుభవార్త.

ఇకపై కొన్ని పనులు నియమంగా చేద్దాము. రంధ్రం మూసే ముందు, చెట్టు కొమ్మ నరికే ముందు గూడున్నదేమో చూద్దాము. పిల్లలతో కూడిన గూడైతే, అవి పెద్దవయ్యే వరకు కొద్ది వారాలు ఆగుదాము. ఎండలు ముదిరాయి, నీడపట్టున ఒక మట్టి మూకుడులో నీరు పోసి ఉంచుదాము. నీటి తొట్టిలో పడిన ప్రాణి పైకెక్కేలా ఒక కర్రను ఏటవాలుగా వేద్దాము. పిల్లల చేతిలోని ఉండేలును, తూనీగ తోకకు కట్టిన దారాన్ని చూసి నవ్వి ఊరుకోవద్దు. ప్రాణమున్న దానిని గురిగా పెట్టి కొట్టేవారిని దైవప్రవక్త (స) శపించారని, కోడిని కట్టి కొడుతున్న యువకులకు ఇబ్నె ఉమర్ (రజి) గుర్తుచేశారు.

చిన్న తోడ్పాటును మన తెలుగువారు ఉడుత సాయం అంటారు. మనుషుల లెక్కలో అది చిన్నదే. అణువంత మంచినీ, అణువంత చెడునూ చూపించే రోజున మాత్రం ఏదీ చిన్నది కాదు. ఆ రోజున మూకుడులోని నీరూ కనబడుతుంది, మూసిన రంధ్రమూ కనబడుతుంది.

ఓ అల్లాహ్! మేము విని కూడా విననట్లు వెళ్ళిపోయిన ఆ కొన్ని గంటలకు మమ్మల్ని మన్నించు. మాకు గుర్తుచేసిన ఆ పిల్లవాని హృదయంలోని దయను పెంపొందించు. అటువంటి దయను మా హృదయాలకూ ప్రసాదించు. నీ సృష్టిపై మాకిచ్చిన అధికారాన్ని దౌర్జన్యంగా మార్చుకోకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.